బండి ఎవరిది, పేరు ఎవరిది

నేను భద్రాచలంలో అమ్మాయిల హాస్టల్లో ఉండి బీకాం రెండో సంవత్సరం చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మాది చర్ల వైపు, గోదావరికి దగ్గర్లో ఒక కోయగూడెం. అమ్మ, నాన్న, అన్న, నేను. తాలిపేరు కాలువ కింద ఎకరం, పైన రెండెకరాల పోడు పట్టా. పోస్టు కొంచెం పొడుగైంది, కానీ చివరిదాకా చదవండి. ట్రాక్టర్ గురించి రాస్తున్నా. మన గూడేల్లో ట్రాక్టర్ ఎక్కని ఇల్లు లేదు, సొంత ట్రాక్టర్ ఉన్న ఇల్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మా అన్న ట్రాక్టర్ డ్రైవర్. ఎనిమిదో తరగతితో బడి మానేసి మొదట ట్రాలీ మీద ఇసుక ఎత్తే కూలికి పోయాడు, తర్వాత స్టీరింగ్ పట్టాడు. ఇప్పుడు ఆరేళ్లైంది. బండి వాళ్లది, మండల కేంద్రంలో ఉండే ఒక ఓనర్‌ది. ఆ ఒక్క బండి ఏడాదంతా ఏం చేస్తుందో అన్న చెప్తుంటే నేను నోట్‌బుక్‌లో రాసుకున్నా. మాకు కాస్ట్ అకౌంటింగ్ ఒక పేపర్ ఉంది, అందులో ఉదాహరణలన్నీ ఫ్యాక్టరీలవే. నేను ఫ్యాక్టరీ చూడలేదు, ట్రాక్టర్ చూశా.

భూమి పండుగ చేసి విత్తనం ముట్టుకునే రోజుల్లో బండికి నిద్ర ఉండదు. మేలో ఒక వాన పడితే చాలు, గొర్రు తగిలించి పత్తి చేలు, మిర్చి చేలు దున్నడం మొదలు. ఒక సాలు నిలువు, ఒక సాలు అడ్డం. గడ్డలు పెద్దవైతే రోటవేటర్. ఈ రోటవేటర్ తిరిగేది చక్రాల బలంతో కాదు, ఇంజన్ వెనక ఉండే పీటీవో షాఫ్ట్ బలంతో. అది నిమిషానికి 540 చుట్లు తిరిగేలా కట్టి ఉంటుందని అన్న చెప్పాడు. లుంగీ కొస గానీ, చున్నీ గానీ దానికి తగిలితే మనిషిని చుట్టేస్తుంది. నేను చేలోకి పోతే చున్నీ నడుముకు బిగించి కట్టుకోమని ఇప్పటికీ అరుస్తాడు. జూలై, ఆగస్టుల్లో వరి దమ్ము. రబ్బరు టైర్లు బురదలో దిగబడతాయి కాబట్టి ఇనుప చక్రాలు వేస్తారు. ఆ చక్రాలతోనే తారు రోడ్డు ఎక్కి పక్క పొలానికి పోతారు, రోడ్డు మీద గాట్లు పడతాయి, అధికారులు ఫైన్ అంటారు. చక్రాలు విప్పి బిగించాలంటే గంట పోతుంది, రైతు పక్కనే నిలబడి తొందరపెడుతుంటాడు. ఆ తర్వాత ఎరువు బస్తాలు తోలడం, మిర్చికి ట్యాంక్ పెట్టి మందు కొట్టడం, కోతలయ్యాక వడ్లు కొనుగోలు కేంద్రానికి, మిర్చి టిక్కీలు మార్కెట్ లారీ దాకా.

ఇది రైతు ట్రాక్టర్. వానలు తగ్గి గోదావరిలో ఇసుక తేలగానే అదే బండి కాంట్రాక్టర్ ట్రాక్టర్ అయిపోతుంది. గొర్రు విప్పి షెడ్డు పక్కన పడేస్తారు, ట్రాలీ తగిలిస్తారు. ఇసుక, కంకర, మొరం, ఇటుక, సిమెంట్ బస్తాలు. సీసీ రోడ్డు పోస్తుంటే కాంక్రీట్ మిల్లర్‌ని లాక్కొచ్చేది అదే, పోసిన రోడ్డు ఎండిపోకుండా తడపడానికి నీళ్ల ట్యాంకర్ తెచ్చేదీ అదే. ఈమధ్య ఇందిరమ్మ ఇళ్ల పనులు మొదలయ్యాక ఇసుక ట్రిప్పులు ఇంకా పెరిగాయి. ఒక ట్రిప్పు అంటే దాదాపు వంద ఘనపుటడుగుల ఇసుక, బరువు నాలుగు టన్నుల పైనే. రైతు గంటకు లెక్క కడతాడు లేదా ఎకరానికి కడతాడు. కాంట్రాక్టర్ ట్రిప్పుకు కడతాడు. అందుకే పొలంలో మెల్లగా పోయే అన్న రోడ్డెక్కితే వేగం పెంచుతాడు. ట్రిప్పు లెక్కలో మెల్లగా పోతే కడుపు నిండదు.

డబ్బు వచ్చే తీరు కూడా వేరు. కాంట్రాక్టర్ ఎంత బేరమాడినా వారానికోసారి ఎంతో కొంత చేతిలో పెడతాడు. రైతు పంట అమ్మాక ఇస్తాడు. మా నాన్న కూడా అంతే, నిరుడు దుక్కి బాకీ సంక్రాంతి దాటాక తీర్చాడు. బండి కొన్నవాడికేమో డీజిల్ రోజూ కావాలి, లీటరు 95 రూపాయల పైన ఉంది. గొర్రు పనికి గంటకు నాలుగైదు లీటర్లు తాగుతుంది, రోటవేటర్ వేస్తే ఇంకా ఎక్కువ. కాబట్టి రెండు పిలుపులు ఒకేసారి వస్తే ఓనర్ ఎటు పంపుతాడో వేరే చెప్పక్కర్లేదు.

రెండు పిలుపులు ఒకేసారి వచ్చేది యాసంగిలో. జూన్‌లో గోదావరి నిండితే ఇసుక ఆగుతుంది, అప్పుడు బండి రైతుకు దొరుకుతుంది. డిసెంబర్, జనవరిలో మాకు కాలువ కింద నాటు దమ్ము కావాలి, సరిగ్గా అప్పుడే ర్యాంపుల దగ్గర ఇసుక జోరు. మార్చిలో మిర్చి తోలాలి, అప్పుడే ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, బిల్లులు చేసుకోవాలని సీసీ రోడ్ల పనులు రాత్రింబగళ్లు నడుస్తాయి. పోయిన యాసంగిలో మా ఎకరానికి దమ్ము చేయడానికి పదకొండు రోజులు ఆగాం. నారు ముదిరిపోయింది. ముదురు నారు నాటితే పిలకలు తక్కువ వేస్తుంది, ఈ సంగతి అగ్రికల్చర్ చదివే వాళ్లకు నాకంటే బాగా తెలుసు. మేం ఎదురుచూసిన ఆ బండి మా అన్నే నడుపుతున్నాడు, మా ఇంటి ముందు నుంచే ఇసుక తోలుకుంటూ పోయేవాడు. ఆ పదకొండు రోజులూ అన్నం తినేటప్పుడు నాన్న, అన్న మాట్లాడుకోలేదని అమ్మ ఫోన్‌లో చెప్పింది.

ఇంకో సంగతి. దీన్ని డ్రైవర్లు కాని వాళ్లు గమనించరు. ట్రాక్టర్‌కు కుడి కాలి దగ్గర రెండు బ్రేకులుంటాయి, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. పొలం చివర తిప్పుకునేటప్పుడు ఒక పక్క బ్రేకే తొక్కితే బండి అక్కడికక్కడే గిర్రున తిరుగుతుంది. రోడ్డు మీద మాత్రం ఆ రెండింటినీ కలిపి గడియ వేయాలి. వేయకుండా వేగంలో ఒకటే తొక్కితే బండి పక్కకు లాగి బోల్తా పడుతుంది. పొద్దున పొలం, మధ్యాహ్నం నుంచి ఇసుక, ఇలా ఒకే రోజు రెండు పనులు చేసే డ్రైవర్‌కు ఆ గడియ గుర్తుండాలి. నిద్ర లేకుండా, మూడో పూటకు. ట్రాలీకి వేరే బ్రేకులు ఉండవు, మా వైపు ఒక్కదానికీ చూడలేదు. వెనక నాలుగు టన్నులు నెట్టుకొస్తుంటే ముందు బండి ఒక్కటే ఆపుకోవాలి. ర్యాంపు ఎక్కేటప్పుడు ఇంకోలా, ముందు చక్రాలు నేల వదిలి లేస్తాయి. అన్న నవ్వుతూ చెప్తాడు, "గుర్రం లేచినట్టు లేస్తది" అని. నాకు నవ్వు రాదు.

ఇక ట్రాలీలో పోయే మనుషులు. మా అమ్మ మిర్చి కోతకు ట్రాలీలోనే పోతుంది. గూడెం ఆడవాళ్లు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన మనవాళ్లు, చంటిపిల్లలు, నీళ్ల క్యాన్లు, సద్ది గిన్నెలు అన్నీ కలిపి ఒకే ట్రాలీ. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిర్చి కోతకు పోతున్న ట్రాక్టర్ ఏఎంఆర్‌పీ కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. తండా ఆడవాళ్లు. అదే ఏడు జూన్‌లో యాదాద్రి జిల్లా లక్ష్మాపురం దగ్గర కూలీలున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి పదిహేను మంది పోయారు. అప్పుడు నేను చిన్నదాన్ని. టీవీలో చూసి అమ్మ రెండు రోజులు పనికి పోలేదు, మూడో రోజు మళ్లీ ట్రాలీ ఎక్కింది. ఇంకేం ఎక్కుతుంది, చేల దాకా బస్సు రాదు కదా.

మోటారు వాహనాల చట్టంలో ట్రాక్టర్ అంటే ఏమిటో రాసి ఉంది. తన మీద తాను సరుకు మోయడానికి కట్టని బండి అని దాని అర్థం. ఇంజన్ పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చునే మనిషికి ఆ చట్టంలో సీటు లేదు. వ్యవసాయానికని రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ చేయించిన బండితో కిరాయికి ఇసుక తోలుతూ ప్రమాదం జరిగితే, పాలసీ షరతు తప్పారని కంపెనీ కోర్టులో వాదిస్తుంది. 2007లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. మట్టి తోలే ట్రాలీ మీద నుంచి పడిన కూలీ. అది వ్యవసాయ పని కాదు, ట్రాలీకి ఇన్సూరెన్స్ లేదు, కాబట్టి కంపెనీకి బాధ్యత లేదని కోర్టు ఒప్పుకుంది. ఆ మనిషి పేదరికం చూసి, తనకున్న ప్రత్యేక అధికారంతో, ముందు కంపెనీనే కట్టమని, తర్వాత బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని చెప్పింది. అంటే చివరికి మీద పడేది ఓనర్‌కే. ఓనర్ అంటే ఎవరు? ఆర్‌సీ మీద పేరున్నవాడు. బండి ఎవరి చేతిలో ఉన్నా, చట్టం దృష్టిలో ఓనర్ రిజిస్ట్రేషన్‌లో ఉన్న మనిషే అని 2018లో ఇంకో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇవన్నీ నేను సరదాకు చదవలేదు. పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటికి ఒక మనిషి వచ్చాడు. కాంట్రాక్టర్ తరఫున. కుర్చీ వేశాం, టీ ఇచ్చాం. అమ్మను అత్తా అని పిలిచాడు, వరసలు కలిపితే మనవాళ్లు మెత్తబడతారని వాళ్లకు తెలుసు. కొత్త ట్రాక్టర్ అమ్మ పేరు మీద తీస్తారట. ముందు కట్టే డబ్బు వాళ్లదే, కిస్తీలు వాళ్లే కడతారు. డ్రైవర్ మా అన్నే, నెల జీతం. మా మూడెకరాలకు దుక్కి, దమ్ము ఏటా ఉచితం. అమ్మ చేయాల్సింది ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, పట్టా జిరాక్స్ ఇచ్చి నాలుగైదు చోట్ల వేలిముద్ర వేయడమే.

నిజం చెప్తున్నా, ఆ మాట వినడానికి బాగుంది. పదకొండు రోజులు ఆగిన నారు నాన్న కళ్ల ముందే ఉంది. అన్నకు ఓనర్ తిట్లు తప్పుతాయి. నాన్న తల ఊపేశాడు కూడా.

నేను అడిగా, మీ పేరు మీదే ఎందుకు తీసుకోరు అని. ఆయన నాన్న వైపు తిరిగి, "ఆడపిల్ల, చదువుకునే పిల్ల, ట్రాక్టర్ లెక్కలు తనకెందుకు మామా" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. అమ్మ మాత్రం "అడగనీ" అంది.

ఎందుకు తీసుకోరో ఆలోచిస్తే మూడు దారులు కనిపిస్తాయి. ఎస్టీ పేరు మీద సబ్సిడీ వచ్చే పథకాలున్నాయి. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో ఎస్సీ, ఎస్టీ, చిన్న సన్నకారు రైతులకు, మహిళలకు చాలా యంత్రాల మీద సగం దాకా సబ్సిడీ ఉంటుంది, మిగతా వాళ్లకు తక్కువ. రెండోది ఇసుక. ఇసుక చిన్న తరహా ఖనిజం. షెడ్యూల్డ్ ప్రాంతంలో దాని లీజుకు ముందు గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ సిఫార్సు చేయాలని 1996 పెసా చట్టం చెప్తుంది. మన వైపు రీచ్‌లు గిరిజన సొసైటీల పేరు మీదే నడుస్తాయి. సొసైటీ పేరు మనది, బండ్లు కూడా మన పేరు మీద ఉంటే కాగితం మీద అంతా శుభ్రం. మూడోది, ఏదైనా తేడా వస్తే నోటీసు మా అమ్మకు వస్తుంది, ఆయనకు రాదు.

మా తాతల కాలంలో భూమికి పేరు అడిగేవాళ్లు. 1970 తర్వాత, మనం 1/70 అనుకునే చట్టం వల్ల, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి ఎక్కదు. కాబట్టి పేరు మనవాడిది, పంట వాళ్లది. ఎన్ని గూడేల్లో ఆ కథ ఉందో మీకు తెలుసు. ఇప్పుడు ఇసుకకు అడుగుతున్నారు, బండికి అడుగుతున్నారు.

ఆ రాత్రి బల్బు కింద కూర్చుని రెండు పేజీలు లెక్క వేశా. మొదటి పేజీ, వాళ్ల మాట ప్రకారం పోతే. కిస్తీలు రెండు తప్పితే ఫైనాన్స్ వాళ్లు బండి లాక్కుపోతారు, మిగిలిన బాకీ అమ్మ పేరు మీద ఉంటుంది. బ్యాంకులో అమ్మకు పంట రుణం పుట్టదు. ఇసుక కేసులో బండి పట్టుకుంటే పోలీసులు వెతికేది ఆర్‌సీలో ఉన్న పేరును. ప్రమాదమైతే పైన రాసినదంతా. పైగా ఒకసారి అమ్మ పేరు మీద సబ్సిడీ వాడేస్తే రేపు మాకు నిజంగా అవసరమైనప్పుడు "మీరు తీసుకున్నారు కదా" అంటారు. రాబడి వైపు ఏం రాయాలి? మూడెకరాల దుక్కి, దమ్ము. మా ఊళ్లో గొర్రుకు ఎకరానికి వెయ్యికి అటూ ఇటూ, రోటవేటర్ గంటకు రెండు వేల దాకా ఉంది. మొత్తం కలిపి చూస్తే ఏడాదికి ఇరవై వేలు కూడా దాటలేదు. అమ్మ పేరుకు వాళ్లు కట్టిన కిరాయి అదీ.

రెండో పేజీ, మేమే కొంటే. 45 హెచ్‌పీ బండి, ట్రాలీ, గొర్రు, రోటవేటర్, ఇనుప చక్రాలు కలిపితే పది లక్షల దాకా పోతుంది. మాకు బ్యాంకు అప్పు ఎట్లాగూ కష్టం. పోడు పట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి, బదలాయించడానికి లేదు, అటవీ హక్కుల చట్టంలోనే అట్లా ఉంది. అది మన భూమిని కాపాడే మాటే. తాకట్టుకు మాత్రం బ్యాంకు దాన్ని చూడదు. సరే, అప్పు పుట్టిందనే అనుకుందాం. మా గూడెంలో నలభై ఇళ్లు, నూట పది ఎకరాలు. ఎకరానికి ఏడాదికి ఐదు గంటల పని వేసినా ఐదు వందల యాభై గంటలు. కిస్తీకి సరిపోయేట్టే ఉంది, నేను సంబరపడ్డా. అన్న ఒక్క ప్రశ్నతో కొట్టేశాడు. "అందరికీ ఒకటే వారం కావాలిగా చెల్లీ, మొదటి వాన పడిన వారం. రోజుకు పది గంటలు తోలినా పదిహేను రోజులకు నూట యాభై గంటలే. మిగతా వాళ్లు వేరే బండి పిలుచుకుంటారు." పనిలేని నెలల్లో కిస్తీ కట్టాలంటే ఇసుకకు పోవాల్సిందే. ఇసుకకు పోయామంటే యాసంగిలో గూడెం నారు మళ్లీ ముదురుతుంది. ఇక్కడే నా పుస్తకం లెక్క ఆగిపోయింది. సొంత బండి కొన్న రైతు కూడా మెల్లగా కాంట్రాక్టర్ దగ్గరికి ఎందుకు చేరతాడో అప్పుడు అర్థమైంది. వాళ్లను తిట్టాలని నాకు లేదు.

గూడెం మొత్తం కలిసి ఒక బండి పెట్టుకుంటే? సంఘాల ద్వారా యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలకు అదే యాంత్రీకరణ పథకంలో దారి ఉంది. వానాకాలం వారం ఇరుకు దానితోనూ తీరదు, కానీ యాసంగి దమ్ము ముందా ఇసుక ముందా అన్నది గూడెం తేల్చుకుంటుంది. పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టర్లు ఇచ్చారు కదా, చెత్త, నీళ్ల ట్యాంకర్ పనులకు. మా పంచాయతీ బండి డీజిల్ డబ్బులకు ఆగిన రోజులు చూశా, కాబట్టి అందరి బండి అంటే ఎవరూ పట్టించుకోని బండి కాకుండా చూసుకోవాలి. పొదుపు సంఘంలో అమ్మవాళ్లు పదేళ్లుగా పుస్తకం రాస్తున్నారు, ఒక్క రూపాయి తేడా రాలేదు. వాళ్ల చేతికి ఇస్తే నడుస్తుందని నా నమ్మకం. మగవాళ్లు నవ్వారు. అమ్మ నవ్వలేదు, అప్లికేషన్ ఎవరు రాస్తారని అడిగింది. రాయడం మొదలుపెట్టా, ఏ కాగితాలు కావాలో మండలం వ్యవసాయ ఆఫీసులో అడగాలి.

ఆ మనిషి వారం తర్వాత మళ్లీ వచ్చాడు. అమ్మ రెండు పేజీలూ నాతో బయటికి చదివించింది, ఆయన ముందే. తర్వాత, "అయితే ఒక పని చెయ్యి అల్లుడా. బండి నీ పేరు మీద తియ్యి, మా పొలం దున్నిపెట్టు, కిరాయి మేం ఇస్తాం" అంది. టీ తాగకుండా పోయాడు. నాన్న రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. అన్న పాత ఓనర్ దగ్గరే ఉన్నాడు, జీతం పెరగలేదు. రోడ్డెక్కే ముందు బ్రేకు గడియ వేశానని మాత్రం నాకు రోజూ మెసేజ్ పెడుతున్నాడు, నేను ఒట్టు వేయించుకున్నా.

ఆ కొత్త ట్రాక్టర్ నెలలోపే వచ్చింది. పక్క గూడెంలో ఒక అక్క పేరు మీద. ఇంకా పర్మినెంట్ నంబర్ ఎక్కలేదు, ర్యాంపు దగ్గర తిరుగుతుంటే అన్న చూశాడు. ఆ అక్క కొడుకు ఈ గ్రూపులోనే ఉన్నాడు, ఇంటర్ చదువుతున్నాడు. తమ్ముడూ, ఈ పోస్టు నిన్ను అనడానికి కాదు. అమ్మ వేలిముద్ర వేసిన కాగితాలు మీ ఇంట్లో ఒక్క కాపీ అయినా ఉందేమో చూడు. లేకపోతే ఫైనాన్స్ ఆఫీసులో మీ అమ్మే అడగొచ్చు, అప్పు ఆమె పేరు మీదే కదా. ఆర్‌సీ, లోన్ కాగితం, ఇన్సూరెన్స్, మూడూ ఫొటో తీసి నాకు విడిగా పంపు. ఆదివారం హాస్టల్లో ఔటింగ్ ఉంటుంది, భద్రాచలం బస్టాండ్ దగ్గరికి రా. లా చదివే ఒక అక్కను కూడా పిలుస్తా, కూర్చుని లైను లైను చదువుదాం.